మేడమ్, మీరు పక్కకి జరగండి

మొన్న శీతాకాలంలో ఒక జాతీయ సదస్సులో పత్రం చదవడానికి వెళ్ళాను. తెలుగు స్త్రీల ఆత్మకథల్లో మౌనం గురించి నా పత్రం. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టగానే దాని ఫ్యాన్ అందుకుంది. పక్కనే మైకు. హాలంతా పిండిమర ఆడుతున్నట్టు మోత. మౌనం మీద మాట్లాడబోయే మనిషి ఇంత రొద వెంటేసుకొచ్చిందేమిటని ముందు వరసలో ఎవరో నవ్వారు కూడా. ప్రొజెక్టర్ కేబుల్ పెట్టాను. తెర మీద ఏమీ రాలేదు. ఏమైందో చూద్దామని సెట్టింగ్స్ తెరవబోతున్నాను. ఇంతలో వెనక వరసలోంచి ఒక కుర్రాడు, ఎమ్మే విద్యార్థి అనుకుంటాను, పరుగెత్తుకొచ్చి "మేడమ్, మీరు పక్కకి జరగండి" అన్నాడు.

జరిగాను.

ఆ కుర్రాడి మీద నాకేం కోపం లేదు. సాయం చెయ్యాలనే వచ్చాడు. పది నిమిషాలు ఏవేవో నొక్కి, "ఇది లినక్సా? ఇదెందుకు పెట్టుకున్నారు మేడమ్?" అని, నా ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని తన లాప్‌టాప్‌లోంచి చూపించాడు. పత్రం బాగానే చదివాను. భోజనాల దగ్గర ముగ్గురు నలుగురు మెచ్చుకున్నారు. కానీ తిరుగు ప్రయాణంలో నన్ను తొలిచిన ప్రశ్న ఒక్కటే. నేనెందుకు జరిగాను? అతనికి నాకంటే ఎక్కువ తెలిసిందేం లేదు. అది నా యంత్రం. నాకిచ్చిన ఇరవై నిమిషాలు. ఎవరైనా వచ్చి "మేడమ్, మీ పత్రం నేను చదువుతాను, పక్కకి జరగండి" అంటే ఊరుకునేదాన్నా? అక్కడే యుద్ధం జరిగేది. మరి యంత్రం దగ్గరకొచ్చేసరికి ఒళ్ళు దానంతటదే ఎందుకు తప్పుకుంది?

ముందు ఆ లాప్‌టాప్ సంగతి చెప్పాలి. అది నేను కొనుక్కున్నది కాదు. 2017లో మా తమ్ముడు గేములాడుకోవడానికి కొనుక్కున్నది. వాడు కొత్తది కొనుక్కున్నాక "అక్కా, నువ్వు టైపింగే కదా చేసుకునేది, నీకిది చాలు" అని నాకిచ్చాడు. మా ఇంట్లో పెద్ద చదువు నాది, కొత్త యంత్రం వాడిది. ఫిర్యాదు చెయ్యడం లేదు, లెక్క చెబుతున్నాను. గేముల కోసం చేసిన యంత్రం కాబట్టి అందులో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే చిన్నది. రెండోది విడిగా ఉండే పెద్దది, కరెంటు తాగేది, వేడి పుట్టించేది. ఆ వేడిని బయటికి తొయ్యడానికి రెండు ఫ్యాన్లు.

విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్ ఏడోతరం ప్రాసెసర్లని, ఒకటీ అరా తప్ప, ఒప్పుకోదు. బాగా నడుస్తున్న యంత్రాన్ని పాతసామాన్లవాడికి వేసి కొత్తది కొనుక్కోమన్నమాట. గెస్ట్ ఫ్యాకల్టీ జీతంలో నాకది కుదిరే పని కాదు. అందుకని లినక్స్. అది కూడా నేను వేసుకోలేదు. మా ఊళ్ళో కంప్యూటర్లు బాగుచేసే ఒక షాపులో ఇచ్చాను. రెండు రోజులాగి తెచ్చుకున్నాను. తెచ్చుకున్న రోజునించీ మోతే. ఫైలు తెరిచినా మోతే, ఏమీ తెరవకపోయినా మోతే. ఫోన్ చేస్తే "గేమింగ్ లాప్‌టాప్ అంటే అంతే మేడమ్, సౌండొస్తుంది. మీరు టైపింగే కదా చేసుకునేది, పర్లేదు" అన్నాడు. తమ్ముడూ అదే మాట, షాపతనూ అదే మాట. నవల రాసినా, అనువాదం చేసినా, పరిశోధన చేసినా ఆడవాళ్ళు చేసేది టైపింగే!

అసలు విషయం బస్సులో గుర్తొచ్చింది. షాపులో పాస్‌వర్డ్ అడిగితే చీటీ మీద రాసిచ్చాను. దాన్ని మూత మీద సెల్లోటేపుతో అంటించారు. డేటా పోకుండా మొత్తం వాళ్ళ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకుని, లినక్స్ వేశాక మళ్ళీ ఎక్కించారు. ఆ డేటాలో ఉన్నవి పత్రాలూ పీడీఎఫ్‌లే కాదు. అచ్చుకాని డైరీలు దాచుకున్న పెద్దవయసు స్త్రీలతో రెండేళ్ళుగా నేను రికార్డు చేసుకున్న సంభాషణలు. అందులో ఒకావిడ డెబ్భై దాటిన మనిషి. కొడుకు ఇంట్లో లేని పూట చూసి రమ్మని, తలుపు గడియ పెట్టి మాట్లాడింది. "ఇది ఎవరికీ వినిపించవు కదమ్మా?" అని మూడుసార్లు అడిగింది. చేతిలో చెయ్యేసి చెప్పాను, వినిపించనని. ఆ గొంతుని తీసుకెళ్ళి ముక్కూ మొహం తెలియని వాళ్ళ డిస్క్‌లో పెట్టొచ్చాను. వాళ్ళు విన్నారని నేననడం లేదు. వినలేదని చెప్పగలిగే స్థితిలో నేను లేను. పరిశోధన నైతికత మీద ఏటా పిల్లలకి పాఠం చెప్పే మనిషిని.

ఇది నా ఒక్కదాని నిర్లక్ష్యమే అయితే ఇంత రాయనక్కర్లేదు. మన సభల్లో, మన పత్రికల పనుల్లో నేను తరచూ వినే మాట ఒకటుంది. "నాకు టెక్నాలజీ రాదండీ." ఆ మాట చెప్పే తీరు గమనించండి. సిగ్గుతో చెప్పరు. కాస్త మురిపెంగా చెబుతారు. భావాల మనుషులం, ఈ తీగలూ బోల్టులూ మనకెందుకు అన్నట్టు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదని మురిసిపోయే మగ రచయితలని మనం ఎంత చీల్చి చెండాడాం! ఆ తెలియకపోవడం వెనక ఇంకొకరి చాకిరీ ఉందని ఎన్ని వ్యాసాలు రాశాం! మన "రాదండీ" వెనక కూడా ఒకరున్నారు. మొగుడో, కొడుకో, తమ్ముడో, షాపతనో. తేడా ఒక్కటే. ఉప్పు డబ్బా తెలియని మగవాడి అధికారానికి ఏ లోటూ రాలేదు. మనకి వస్తోంది. ఆవిడ మెయిల్ ఆయన ఫోన్‌లో తెరుచుకుంటుంది. ఆవిడ కథల ఫైళ్ళు ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు. ఆయన అలిగితే ఆవిడ నవల ఆగుతుంది. అతిశయోక్తి అనుకుంటే మీ చుట్టూ ఉన్న నలుగురు రచయిత్రులని అడిగి చూడండి.

1990ల మొదట్లో హైదరాబాద్‌లోని స్త్రీవాదులు స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చారు. డాక్టర్ చెప్పిందానికి తలూపి రావడం కాదు, నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియాలన్న పట్టుదల అది. చదివినవాళ్ళందరినీ డాక్టర్లు కమ్మని ఎవరూ అడగలేదు. ప్రశ్న అడగడం తెలియాలన్నారు. నేను అడుగుతున్నదీ అంతే. మన రాతంతా ఇప్పుడు యంత్రంలో ఉంది. అది మోగుతుంటే ఎందుకు మోగుతోందని అడగడం తెలియాలి కదా.

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు మిషను కుట్టి మమ్మల్ని చదివించింది. నేను ఇంటికొచ్చి లాప్‌టాప్‌ని తిడుతుంటే ఆవిడే అంది. "మోత మారిందంటే లోపల ఏదో ఇరుక్కుందన్నట్టేనే. ముందు అది చూడు. తిడితే తగ్గుద్దా?" మిషను చప్పుడు వినే బాబిన్ దగ్గర పీచు చేరిందో, నూనె తగ్గిందో, సూది వంగిందో ఆవిడ చెప్పేస్తుంది. విప్పుతుంది, కుంచెతో దులుపుతుంది, రెండు చుక్కల నూనె వేసి బిగిస్తుంది. ఆవిడకి టెక్నాలజీ వచ్చని ఏనాడూ ఎవరూ అనలేదు. ఆవిడా అనుకోలేదు. కుక్కర్ గాస్కెట్ మార్చడం, స్టవ్ బర్నర్ కంతల్లో పిన్నీసు పెట్టి మసి తియ్యడం, ఇవన్నీ "ఇంటి పనులు". మన చేతికొచ్చేసరికి యంత్రం యంత్రం కాకుండా పోతుంది, మగవాడి చేతికెళ్ళేసరికి మళ్ళీ యంత్రమైపోతుంది. ఈ పేర్లు పెట్టేదెవరో మనకి తెలుసు.

సరే, చూశాను. టెర్మినల్ అనే నల్లటి కిటికీలో "టాప్" అని కొడితే ఏ పని ప్రాసెసర్‌ని ఎంత తింటోందో వరసగా చూపిస్తుంది. నేనేమీ తెరవకుండానే, తెర గీసే గ్నోమ్ షెల్ ఒక్కటే 125 శాతం తింటోంది. (ఒక్కో కోర్‌కి వంద చొప్పున లెక్క, అందుకే నూరు దాటుతుంది.) "సెన్సర్స్" అని కొడితే 84 డిగ్రీలు. ఫ్యాన్ తప్పేం లేదు పాపం. వేడి ఉంది కాబట్టి తిరుగుతోంది. నేను ఇన్నాళ్ళూ ఫ్యాన్‌ని తిట్టాను.

సెట్టింగ్స్‌లో యంత్రం వివరాలుండే పేజీలో గ్రాఫిక్స్ అన్నచోట చిప్ పేరుండాలి. నాకు రెండు చిప్‌లున్నాయి, రెంటి పేర్లూ లేవు. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంది. అదేమిటో వెతుక్కుని చదివాను. చిప్‌ని నడిపే డ్రైవర్ లేనప్పుడు, తెర మీది ప్రతి చుక్కనీ ప్రాసెసరే లెక్కకట్టి గీసే ఏర్పాటు అది. గీయడానికే పుట్టిన చిప్‌లు రెండూ ఖాళీగా కూర్చుంటే, తన పని తాను చేసుకుంటూ వాటి పని కూడా ప్రాసెసరే చేస్తోంది, ఒగరుస్తూ. చూసేవాళ్ళకి తెర మామూలుగానే ఉంటుంది. వినిపించే మోతకేమో "అంతే మేడమ్" అని జవాబు. సాహిత్యం వాళ్ళకి ప్రతిచోటా ప్రతీకలు కనిపించే జబ్బు ఉంటుందని తెలుసు. కానీ ఇందులో నేను కల్పించిందేం లేదు, అది పనిచేసే తీరే అంత.

మరి డ్రైవర్ ఎందుకు లేదు? యంత్రం మొదలయ్యేటప్పుడు లినక్స్‌కి అందే ఆజ్ఞల వరసలో "నోమోడ్‌సెట్" అనే మాట ఒకటి ఉంది. లినక్స్ వేసేటప్పుడు ఒక్కోసారి పెద్ద చిప్‌తో తగువొచ్చి తెర నల్లబడిపోతుంది. అప్పుడు తాత్కాలికంగా ఆ మాట చేరుస్తారు. గ్రాఫిక్స్ డ్రైవర్లేవీ తెర సంగతి చూసుకోవద్దని దాని అర్థం. సరైన డ్రైవర్ వేశాక దాన్ని తీసెయ్యాలి. షాపులో డ్రైవరూ వెయ్యలేదు, మాటా తియ్యలేదు. బొమ్మ వచ్చింది కదా, ఆవిడ చేసేది టైపింగే కదా. తెర వెలుతురు తగ్గకపోవడం, ప్రొజెక్టర్ కనిపించకపోవడం, ఈ మోత, మూడూ ఆ ఒక్క మాట వల్లే.

దాన్ని తియ్యడం నిమిషం పని అని రాస్తే అబద్ధమవుతుంది. నాకు మూడు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి, మొదలయ్యేటప్పుడు వచ్చే జాబితాలో "ఇ" అక్షరం నొక్కి ఆ మాటని ఆ ఒక్కసారికి చెరిపి చూశాను. తెర నల్లబడిపోయింది. నా గుండె కూడా. బటన్ నొక్కి పట్టి ఆపి, మళ్ళీ వేస్తే మామూలుగా వచ్చింది, ఎందుకంటే అలా చెరిపింది నిలవదు. ఆ సంగతి తెలిస్తే భయం సగం పోతుంది. రెండో రాత్రి ముందు డ్రైవర్ వేశాను. అది ఒక పాస్‌వర్డ్ పెట్టమంది, పెట్టాను. ఆపి మళ్ళీ వేసినప్పుడు నీలం తెర ఒకటి వచ్చి పది సెకన్లే ఆగుతుందని, అక్కడ ఆ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే సెక్యూర్ బూట్ కొత్త డ్రైవర్‌ని లోపలికి రానివ్వదని నాకు తెలియదు. ఆ పది సెకన్లూ నేను స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లో ఉన్నాను. మూడో రాత్రి కదలకుండా కూర్చుని నీలం తెరని పట్టుకున్నాను. తర్వాత గ్రబ్ ఫైల్లోంచి ఆ మాటని పూర్తిగా తీసేసి, గ్రబ్‌ని అప్‌డేట్ చేసి, మళ్ళీ వేశాను. గ్రాఫిక్స్ అన్నచోట ఇంటెల్ అని వచ్చింది. 52 డిగ్రీలు. ఫ్యాన్ ఆగిపోయింది. రాత్రి రెండింటికి మా వీధి చివర కుక్క మొరగడం ఆ లాప్‌టాప్ ముందు కూర్చుని మొదటిసారి విన్నాను.

రాసుకునే రోజుల్లో పెద్ద చిప్‌ని పూర్తిగా ఆపేసే ఆజ్ఞ ఇంకొకటుంది. అయితే ఇలాంటి లాప్‌టాప్‌లు చాలావాటిలో ప్రొజెక్టర్ కేబుల్ పెట్టే రంధ్రం పెద్ద చిప్‌కే కలిపి ఉంటుంది. సదస్సుకి వెళ్ళే ముందు దాన్ని మళ్ళీ మేలుకొలిపి వెళ్ళాలి. నేనది కాగితం మీద రాసి మూత లోపల అంటించుకున్నాను, పాస్‌వర్డ్ చీటీ ఉన్నచోటే.

ఇంతకీ పెద్ద చిప్‌తో తగువెందుకొస్తుంది? ఇక్కడ విషయం సాంకేతికం మాత్రమే కాదు. ఈ చిప్‌ల మార్కెట్‌లో పెద్ద కంపెనీ ఎన్విడియా. తన చిప్‌లని ఎలా నడపాలో చెప్పే వివరాలని అది చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. చిప్‌తో యంత్రం ఏం మాట్లాడుతోందో గమనించి, ఊహించి, పరీక్షించి, బయటివాళ్ళు 'నూవో' అనే డ్రైవర్ రాశారు. 2010లో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. 2012లో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లైనస్ తోర్వాల్డ్స్ కెమెరాకి మధ్యవేలు చూపించి మరీ ఆ కంపెనీని తిట్టాడు. ఆ తర్వాతి తరాల చిప్‌లు కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ లేనిదే వేగం పుంజుకోవు. నూవోకి దారి మూసుకుపోయింది. 2022 మేలో కంపెనీ కెర్నెల్ డ్రైవర్ మూలాన్ని బయటపెట్టింది, కానీ 2018లో వచ్చిన ట్యూరింగ్ తరంనించి ఇటువైపు వాటికే. 2016 నాటి పాస్కల్ తరం దాని పరిధిలోకి రాదు. ఆ తరానికి కంపెనీ మూసిన డ్రైవర్ కూడా 580 వరసతో ఆఖరని 2025లో ప్రకటించారు. సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారేవి, తమ్ముళ్ళనించి అక్కలకి వచ్చేవి సరిగ్గా ఆ వయసు యంత్రాలే. ఇంకా బాగా పనిచేసే యంత్రానికి ముసలితనం ఎవరు నిర్ణయిస్తున్నారని మనం అడగొద్దా? తెలుగువాళ్ళకి ఇలాంటి తాళాలు కొత్తేం కాదు. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాలని యూనికోడ్‌లోకి మార్చి, పొల్లులూ వత్తులూ దిద్దుకుంటూ కూర్చున్నవాళ్ళు ఇది చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు.

ఇలా అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రులు సంతోషిస్తారు. వాళ్ళతోనూ నాకు తగువుంది. ఇంగ్లీషులో "ఫ్రీ" అంటే ఉచితమా, స్వేచ్ఛా అని వాళ్ళు విడమరిచి చెప్పుకోవాలి. మనకా గొడవ లేదు. తెలుగులో లినక్స్ తెచ్చేందుకు హైదరాబాద్‌లో పనిచేసిన సంస్థ పేరే స్వేచ్ఛ. అంతకు చాలా ముందే, 1980లలోనే, ఆ పేరుతో ఓల్గా నవల వచ్చింది. ఆ రెండు స్వేచ్ఛలూ ఒకదాన్నొకటి పలకరించుకున్నాయా అన్నది నా అనుమానం. ఈ ఉద్యమ పితామహుడు రిచర్డ్ స్టాల్‌మన్ లైంగిక దోపిడీ కేసులో బాధితురాలి విషయమై చేసిన వ్యాఖ్యలు వివాదమై, 2019 సెప్టెంబర్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అధ్యక్ష పదవి వదులుకున్నాడు. 2021లో దాని బోర్డులోకి తిరిగొచ్చాడు. తోర్వాల్డ్స్ మధ్యవేలు కంపెనీలకే పరిమితం కాలేదు. తోటి ప్రోగ్రామర్లని ఏళ్ళ తరబడి నోటికొచ్చినట్టు తిట్టి, 2018 సెప్టెంబర్‌లో క్షమాపణ చెప్పి కొన్నాళ్ళు పక్కకి తప్పుకున్నాడు. మొదటిసారి ప్రశ్న అడిగిన మనిషికి "మాన్యువల్ చదువుకో" అని విసిరికొట్టే అలవాటు ఈ లోకంలో పాతదే. అడగడానికే జంకే మనిషి ఆ మాట విన్నాక మళ్ళీ షాపుకే వెళ్తుంది. తలుపులు తెరిచిపెట్టి గుమ్మంలో కాలడ్డు పెడితే అది స్వేచ్ఛ ఎలా అవుతుంది?

స్త్రీలు అక్కడ లేరని కాదు. ఆర్మ్ మాలి చిప్‌లకి పాన్‌ఫ్రాస్ట్ డ్రైవర్‌నీ, ఆ తర్వాత ఆపిల్ ఎం1 చిప్‌కి స్వేచ్ఛా గ్రాఫిక్స్ డ్రైవర్‌నీ రాసినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు అలిస్సా రోజెన్‌జ్వైగ్. లినక్స్‌లోకి స్త్రీలని ఎలా రానివ్వాలో వాలరీ ఆరోరా (అప్పటి పేరు వాల్ హెన్సన్) 2002లోనే ఒక కరదీపిక రాసింది. అందులో మగవాళ్ళకి చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి చదివి నేను లేచి నిలబడ్డాను. ఆమె చేతిలోంచి కీబోర్డు లాక్కోవద్దు. సదస్సు హాలు, నా ఇరవై నిమిషాలు, పక్కకి జరిగిన నా ఒళ్ళు, అన్నీ ఆ ఒక్క జాగ్రత్తలో ఉన్నాయి.

మీరు అడగబోయేది నాకు తెలుసు. ఇల్లూ, ఉద్యోగం, పిల్లలూ, ఆ మిగిలిన అరగంటలో రాత. దాని మీద ఈ డ్రైవర్లు కూడానా? ఈ ప్రశ్న నిజమైంది. నా మూడు రాత్రులు ఒంటరి మనిషి రాత్రులు, చంటిపిల్ల ఉంటే అవి నాకు దొరికేవి కావు. అందరూ అన్నీ నేర్చుకోవాలని నేననడం లేదు. కానీ "నాకు తీరిక లేదు" అనడం వేరు, "నాకు రాదు" అనడం వేరు. మొదటిది వ్యవస్థ మీద ఫిర్యాదు, రెండోది మన మీద మనమే ఇచ్చుకున్న తీర్పు. పరిశోధనా పద్ధతుల కోర్సులో ఉల్లేఖనల విరామ చిహ్నాల మీద వారం రోజులు పెడతాం. మనం సేకరించిన గొంతులున్న డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చెయ్యడం మీద ఒక్క పూట పెట్టం. నేనది ఇప్పుడు చేసుకున్నాను. ఇప్పుడు నా యంత్రం ఎవరి చేతికెళ్ళినా పాస్‌వర్డ్ లేనిదే అందులోది తెరుచుకోదు. ఆ పెద్దావిడకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను కూడా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "పోన్లే, ఇప్పటికైనా తాళమేశావుగా" అంది. నన్ను ఓదార్చడానికే అలా అందేమో నాకు తెలియదు.

డ్రైవర్ వేశాక కూడా కొంచెం చప్పుడు మిగిలింది. అది దుమ్ము. అమ్మ మిషను డబ్బాలోని చిన్న స్క్రూడ్రైవర్ సరిపోయింది. ముందు బ్యాటరీ తీగ పీకి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని కుంచెతో దులిపితే, ఫ్యాన్‌కీ రాగి రేకులకీ మధ్య తొమ్మిదేళ్ళ దుమ్ము చిన్న దుప్పటి ముక్కలా ఊడొచ్చింది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసి "ఇంత పీచుతో ఏ మిషనైనా ఏం నడుస్తుందే" అంది.

పోయిన నెల ఒక స్నేహితురాలు, మంచి కథకురాలు, ఫోన్ చేసింది. తన లాప్‌టాప్ కూడా మోగుతోందట, మీ ఊరి షాపు నంబరివ్వమంది. ఇవ్వలేదు. ఆదివారం తీసుకురమ్మన్నాను. నేను చేస్తే ఇరవై నిమిషాల పని. స్క్రూడ్రైవర్ తన చేతికిచ్చి నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రెండున్నర గంటలు పట్టింది. ఒక స్క్రూ మంచం కిందకి దొర్లిపోయింది, ముగ్గురం టార్చి వేసి వెతికాం. మధ్యలో రెండుసార్లు "నువ్వు చేసెయ్యవే" అంది. మధ్యలో నాలుగుసార్లు నా చెయ్యి దానంతటదే కీబోర్డు మీదకి వెళ్ళబోయింది.